మన పిల్లలు – చదువులు: రక్తంలోని కొడవలి



గడచిన నెలలో ఒక ఆదివారం ఆరాధన ముగిసిన తరువాత, పెద్దపల్లి వైపు గ్రామం నుండి వచ్చిన ఒక తండ్రి మమ్మల్ని గుడి ముందరి వేపచెట్టు క్రిందికి పిలిచి ఇట్లా అడిగాడు: "సారూ, మా బిడ్డ బీఎస్సీ అయిపోయింది. ఎమ్మెస్సీ చేస్తనంటున్నది. అటెన్క పీహెచ్‌డీ అంటున్నది. ప్రోటీన్లకు ఫొటోలు తీసే చదువట. అది డాక్టరూ గాదు, ఇంజినీరూ గాదు. బీఈడీ చేస్తే ఏదో ఒక బడిలో టీచరైతది గదా! ఈ చదువుతోని ఏమొస్తది? ఎన్నేండ్లు పడ్తది?"

ఆయన రెండెకరాల పత్తి రైతు. డిగ్రీ దాకా చదివించటానికి చేసిన అప్పు ఇంకా తీరలేదు. ఇంట్లో మరొక ఆడపిల్ల ఉన్నది. గనుక ఆయన ప్రశ్నను తేలికగా త్రోసివేయలేకపోయాము. "మీ బిడ్డకు ఆ చదువు మీద మనసు ఎట్లా పోయింది?" అని అడిగాము. హాస్టల్లో ఆ అమ్మాయితో పాటు ఉట్నూరు వైపు గోండు పిల్ల ఒకతె ఉండేదట. చలికాలం వచ్చిందంటే ఎముకల నొప్పులతో రాత్రంతా ఏడ్చేదట. పరీక్షలు కూడా పోగొట్టుకున్నదట. చివరకు రక్తపరీక్ష చేయిస్తే సికిల్ సెల్ వ్యాధి అని తేలింది. సికిల్ అంటే కొడవలి. "ఆ రోగం ఎందుకొస్తదో పుస్తకంల చదివినప్పటి సంది మా బిడ్డ ఇదే పట్టు పట్టింది" అన్నాడు.

చెట్టు క్రింద నిలబడి చెప్పిన నాలుగు మాటలు ఆయనకు చాలలేదు. ఇటువంటి ప్రశ్న మన సంఘాలలో ఇంకా అనేక ఇండ్లలో ఉండి ఉంటుందని తలంచి, ఈ నెల కొంచెం వివరంగా వ్రాస్తున్నాము.

వెండి తీగ వంటిది

కరీంనగర్ వెండి తీగ పని మనలో చాలామంది చూచినదే. సన్నని తీగను మెలిపెట్టి, వంచి, చుట్టి, పనివాడు ఒక నెమలిని చేస్తాడు, ఒక కుంకుమ భరిణె చేస్తాడు. తీగ ఒక్కటే. వంపును బట్టి వస్తువు మారుతుంది. మన శరీరంలోని ప్రోటీన్లు, అనగా పూర్వం బడిలో మాంసకృత్తులని చదువుకున్నవి, అటువంటివే. అమైనో ఆమ్లాలు అనే 20 రకాల పూసలను ఒకదాని వెంట ఒకటి గ్రుచ్చిన దండ ఒక్కొక్క ప్రోటీను. ఆ దండ తనకు నియమింపబడిన రీతిలో ముడుచుకొంటుంది. ఆ ముడుపును బట్టే దాని పని. ఒకటి అన్నాన్ని అరిగిస్తుంది. ఒకటి రోగక్రిములను పట్టుకొంటుంది. ఎర్ర రక్తకణాలలోని హీమోగ్లోబిన్ ఊపిరితిత్తుల నుండి ప్రాణవాయువును మోసుకొనిపోయి ఒళ్ళంతా పంచుతుంది.

హీమోగ్లోబిన్‌లో నాలుగు దండలు ఉన్నాయి. అన్నిటిలో కలిపి 574 పూసలు. వాటిలో బీటా అనే రకం దండలు రెండు. ఆ బీటా దండలో ఆరవ పూస గ్లుటామిక్ ఆమ్లం. దాని చోట వాలీన్ అనే మరొక పూస వచ్చి కూర్చుంటే, అదే సికిల్ సెల్ వ్యాధికి మూలం. గ్లుటామిక్ ఆమ్లం నీటితో పొందికగా ఉండేది. వాలీన్ నూనె వలె నీటికి ఎడంగా జరిగేది. ప్రాణవాయువును దించివేసిన తరువాత, ఒక హీమోగ్లోబిన్ మీది వాలీన్ ప్రక్కదాని గుంటలో, పల్లేరుకాయ బట్టకు పట్టినట్టు పట్టుకొంటుంది. దాని వెనుక మరొకటి, దాని వెనుక ఇంకొకటి. అవి పొడుగాటి పోచలై గుండ్రని కణాన్ని లోపలి నుండి పొడిచి కొడవలి వలె వంచుతాయి. వంగిన కణాలు సన్నని రక్తనాళాలలో ఇరుక్కొంటాయి. ఆ పిల్ల రాత్రంతా పడిన నొప్పి అదే.

ఆదిలాబాద్ అడవులలో గోండులు, కొలాములు మొదలైన గిరిజనులలో ఈ వ్యాధి ఉన్నది. పుట్టుగ్రుడ్డివానిని చూచి ఎవరు పాపం చేశారని శిష్యులు అడిగిన ప్రశ్నను మనం మరల అడగవద్దు. ఇది ఎవరి పాపమూ కాదు, ఎవరి చేతబడీ కాదు. తల్లిదండ్రులలో ఒక్కరి నుండి మాత్రమే ఈ మార్పు పొందినవారికి ప్రాణం తీసే మలేరియా నుండి కొంత కాపుదల దొరుకుతుంది. అందుచేత మలేరియా ఉన్న ప్రాంతాలలో ఈ మార్పు తరతరాలుగా నిలిచిపోయింది. ఇద్దరి నుండీ పొందిన బిడ్డకే ఈ కఠినమైన వ్యాధి.

కంటికి కనబడనిదానికి ఫొటో

ఒక పూస మారినదని ఎవరు చూచారు? ఎట్లా చూచారు? ఆ అమ్మాయి చదువుతానన్నది సరిగ్గా ఈ విద్యనే. దీనికి స్ఫటిక శాస్త్రమని, నిర్మాణ జీవశాస్త్రమని పేర్లు.

ప్రోటీనులో అణువుకూ అణువుకూ మధ్య దూరం మిల్లీమీటరులో సుమారు కోటవ వంతు. మనం చూచే వెలుగు అలలు అంతకంటె కొన్ని వేల రెట్లు పెద్దవి. వల కన్నులు పెద్దవైతే చిన్న చేపలు జారిపోయినట్టు, ఎంత గొప్ప సూక్ష్మదర్శిని అయినా మామూలు వెలుగుతో అణువులను పట్టలేదు. ఎక్స్-కిరణాల అలలు అంత చిన్నవి గనుక అవి పట్టగలవు. అయితే ఒక్క ప్రోటీను నుండి వచ్చే జాడ మరీ బలహీనం. గుడిలో ఒక్కరు పాడితే ప్రక్క వీధికి వినబడదు. సంఘమంతా ఒకే రాగంలో పాడితే ఊరి చివరకు వినబడుతుంది. అట్లాగే కోట్ల కోట్ల ప్రోటీన్లను ఒకే వరుసలో, ఒకే వైపు తిరిగి నిలబడేటట్టు చేయాలి. అదే స్ఫటికం. పటికబెల్లం కూడా చక్కెర స్ఫటికమే.

చక్కెర సులభంగా స్ఫటికమవుతుంది. ప్రోటీను కాదు. మొదట ఆ ప్రోటీనును బాక్టీరియాల చేత తయారు చేయించి, మిగతా వాటి నుండి వేరుచేసి శుద్ధి చేయాలి. చిన్న చిన్న చుక్కలుగా వందల రకాల ద్రావణాలతో కలిపి, చల్లని గదిలో కదలకుండా ఉంచి, రోజులు, వారాలు, ఒక్కొక్కసారి నెలలు కనిపెట్టాలి. చాలా చుక్కలలో ఏమీ రాదు. వచ్చిన ఉప్పు రవ్వంత స్ఫటికాన్ని ఎక్స్-కిరణాలలో పెడితే చుక్కల చుక్కల ముగ్గు వంటి చిత్రం వస్తుంది. ఇండోర్‌లోని ఇండస్-2 అనే పెద్ద వలయాకార యంత్రంలో ఈ పని కొరకే ఒక కిరణమార్గం ఉన్నది. ఆ ముగ్గు నుండి గణితంతో వెనుకకు నడిచి, అణువు అణువునూ దాని చోట నిలపాలి.

ఓపికతో కనిపెట్టినవారు

1915లో ఇంగ్లండుకు చెందిన విలియం బ్రాగ్, ఆయన కుమారుడు లారెన్స్ బ్రాగ్ ఈ విద్యకు పునాది వేసినందుకు కలిసి నోబెల్ బహుమతి పొందారు. అప్పటికి కుమారునికి 25 ఏండ్లు. తండ్రి ప్రయోగశాలలో చేరిన కాథ్లీన్ లాన్స్‌డేల్ ఐర్లండులో పదిమంది సంతానంలో కడగొట్టు బిడ్డ. 1929లో బెంజీన్ వలయం చదునుగా ఉంటుందని ఎక్స్-కిరణాలతో ఆమె చూపించింది. క్వేకరు విశ్వాసురాలు గనుక యుద్ధ సంబంధమైన పనికి పేరు నమోదు చేసుకోనని, జరిమానా కట్టనని చెప్పి 1943లో ఒక నెల చెరసాలలో ఉన్నది. 1945లో రాయల్ సొసైటీ తన చరిత్రలో మొదటిసారి స్త్రీలను సభ్యులుగా చేర్చుకొన్నప్పుడు, ఆ ఇద్దరిలో ఆమె ఒకరు. విశ్వాసమూ విజ్ఞానమూ ఒక్క ఇంటిలో ఉండలేవనేవారికి ఆమె జీవితమే జవాబు.

హీమోగ్లోబిన్ సంగతి చూడండి. మాక్స్ పెరుట్జ్ 1937లో కేంబ్రిడ్జ్‌లో ఆ పనికి పూనుకొన్నాడు. దాని ఆకారం ఆయనకు కనబడినది 1959లో. మధ్యలో 22 ఏండ్లు. ఆ కాలంలోనే, పరదేశి అన్న కారణంగా 1940లో ఆయనను నిర్బంధించి కెనడాకు పంపారు కూడా. తిరిగి వచ్చి అదే పని పట్టుకొన్నాడు. 1962లో నోబెల్ బహుమతి వచ్చింది. సికిల్ సెల్ వారి హీమోగ్లోబిన్ వేరుగా ఉన్నదని 1949లో లైనస్ పాలింగ్ బృందం అమెరికాలో చూపితే, మారినది ఒక్క పూస అని 1956-57లో కనుగొన్నవాడు పెరుట్జ్ పనిచేసిన కేంబ్రిడ్జ్ ప్రయోగశాలలోని వెర్నన్ ఇన్‌గ్రామ్.

ఈ విద్య మన హైదరాబాదుకు వచ్చిన దారి కూడా చెప్పవలసినదే. డొరొతి హాడ్జ్‌కిన్ 1935లో ఇన్సులిన్ స్ఫటికానికి మొదటి ఎక్స్-రే చిత్రం తీసింది. దాని పూర్తి ఆకారం 1969లో గాని తేలలేదు. కీళ్ళవాతంతో వ్రేళ్ళు వంకరలు పోయినా ఆమె 34 ఏండ్లు ఆ పనిని విడువలేదు. ఆ చివరి సంవత్సరాలలో ఆక్స్‌ఫర్డ్‌లో ఆమె బృందంలో పనిచేసిన కేరళ యువకుడు ఎం. విజయన్ స్వదేశానికి తిరిగి వచ్చి, బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో ఈ విద్యను నాటి, అనేకులకు నేర్పించారు. అక్కడ విజయన్ గారితో కలిసి పనసగింజలోని ఒక ప్రోటీను ఆకారాన్ని 1996లో ప్రకటించిన రాజన్ శంకరనారాయణన్ గారు తరువాత హైదరాబాదు హబ్సిగూడలోని సీసీఎంబీకి వచ్చారు. ప్రోటీను దండలో తప్పు పూస పడకుండా, చేనులో కలుపు తీసినట్టు ఏరివేసే ఏర్పాటును గురించిన పనికి వారు 2020లో ఇన్ఫోసిస్ బహుమతి పొందారు. పౌలు తిమోతికి, తిమోతి నమ్మకమైన వారికి అప్పగించినట్టు, ఈ పని చేతి నుండి చేతికి వచ్చి మన రైలు దిగినంత దూరంలో నిలిచి ఉన్నది. తరువాతి చెయ్యి మన పిల్లలదెందుకు కాకూడదు?

ఇంకా మిగిలి ఉన్న పని

కారణం తెలిసిపోయింది గదా, రోగం పోయిందా? పోలేదు. ఇది దాచకుండా చెప్పాలి. నొప్పులను తగ్గించటానికి హైడ్రాక్సీయూరియా ఉన్నది. ఈ రోగులకు ఇచ్చే ఫోలిక్ ఆమ్లం బిళ్ళ వెనుక మన తెలుగువాడున్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు 1940లలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలలో నడిపించిన బృందమే ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. హీమోగ్లోబిన్ ఆకారాన్ని చూచి దానికి అతికేటట్టు రూపొందించిన వోక్సెలోటార్ అనే మందుకు అమెరికాలో 2019లో అనుమతి వచ్చింది. గొప్ప ఆశ కలిగింది. అయితే మేలు కంటె హాని ఎక్కువని తోచి, 2024 సెప్టెంబరులో తయారీదారులే దానిని లోకమంతటా వెనుకకు తీసుకొన్నారు. జన్యువును సరిదిద్దే చికిత్సకు 2023 చివరలో బ్రిటన్, అమెరికా దేశాలు అనుమతిచ్చాయి గాని, దాని వెల కోట్ల రూపాయలు. ఉట్నూరు బిడ్డకు అందేది కాదు.

అందుచేత పని మిగిలి ఉన్నది. పేదవానికి అందే మందు కావాలి. ఈ నొప్పిని దగ్గర నుండి చూచినవారు ఆ ప్రయోగశాలలలో కూర్చుంటే, ఏది ముందు వెదకాలో వారికి ఎవరూ చెప్పనక్కరలేదు.

"ఇప్పుడు కంప్యూటరే అంతా చేస్తుందట గదా?" అని కొందరు అడుగుతారు. నిజమే. ప్రోటీను దండ ఎట్లా ముడుచుకొంటుందో ఊహించే ఆల్ఫాఫోల్డ్‌ను తయారుచేసినందుకు డెమిస్ హసాబిస్, జాన్ జంపర్‌లకు, క్రొత్త ప్రోటీన్లను రూపొందించినందుకు డేవిడ్ బేకర్‌కు 2024లో నోబెల్ బహుమతి వచ్చింది. అయితే ఆ కంప్యూటరు నేర్చుకొన్నది 1971 నుండి శాస్త్రజ్ఞులు ఒక్కొక్కటిగా కూడబెట్టిన ఆకారాల నిధి నుండే. ఊహించినది నిజమా అని పరీక్షించటానికి, మందు ఎక్కడ అతుకుతుందో చూడటానికి ప్రయోగం చేసే చేతులు ఇంకా కావాలి. కంప్యూటరు తెలియకుండా మాత్రం ఇక ఈ పని సాగదు. గనుక బైపీసీ చదివే పిల్లలారా, లెక్కలను విడిచిపెట్టకండి. ఎంపీసీ పిల్లలారా, జీవశాస్త్రం మనది కాదనుకోకండి.

దారి ఎట్లా

ఇంటర్ తరువాత నేరుగా పోదలచినవారికి 2015లో తిరుపతిలో ప్రారంభమైన ఐఐఎస్ఈఆర్ వంటి సంస్థలలో అయిదేండ్ల చదువు ఉన్నది. ప్రవేశ పరీక్షలో భౌతిక, రసాయన, జీవ, గణిత శాస్త్రాలు నాలుగింటిలోనూ ప్రశ్నలు ఉంటాయి. ఆ అవకాశం దాటిపోయినవారు నిరాశపడవద్దు. మన ఊరి డిగ్రీ కళాశాలలో బీఎస్సీ చేసి, జీవరసాయన శాస్త్రం, బయోటెక్నాలజీ, భౌతిక శాస్త్రం, రసాయన శాస్త్రం వీటిలో ఏదో ఒకదానిలో ఎమ్మెస్సీ చేయవచ్చు. ఉస్మానియా, కాకతీయ, శాతవాహన వంటి రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు సీపీగెట్, హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయానికి సీయూఈటీ-పీజీ, ఐఐటీలకు జామ్ పరీక్ష వ్రాయాలి. దేశంలోని మూడు విజ్ఞాన అకాడమీలు కలిసి వేసవిలో రెండు నెలలు విద్యార్థులను ప్రయోగశాలలకు పంపే ఏర్పాటు ఉన్నది. తప్పక దరఖాస్తు పెట్టండి.

ఎమ్మెస్సీ తరువాత సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ సంపాదించినవారికి పీహెచ్‌డీ కాలంలో ప్రభుత్వమే నెల నెలా జీవనభృతి ఇస్తుంది. 2023 జనవరి నుండి అది మొదటి రెండేండ్లు నెలకు 37,000 రూపాయలు, ఆ తరువాత 42,000 రూపాయలు. కాబట్టి తండ్రులారా, పీహెచ్‌డీ అంటే మరల అప్పు చేయటమని తలంచవద్దు. భారమైనది ఎమ్మెస్సీ రెండేండ్లే.

ఇందులోని కష్టం కూడా చెబుతాము. పీహెచ్‌డీకి అయిదారేండ్లు పడుతుంది. తరువాత మరి రెండు మూడేండ్లు ఎక్కడో శిక్షణ పొందాలి. స్థిరమైన ఉద్యోగాలు తక్కువ, పోటీ ఎక్కువ. హైదరాబాదులోని మందుల కంపెనీలలో కొన్ని అవకాశాలు ఉన్నాయి గాని, అందరికీ దొరుకుతాయని మేము మాట ఇవ్వలేము. డబ్బు త్వరగా కావలసిన ఇంటికి ఇది సరైన దారి కాకపోవచ్చు. ఏదీ దొరకక చేసే చదువు కాదిది. మనసు పెట్టినవారే చేయాలి.

మొదట ఓడిపోయినవారు కూడా చేయగలరు. తమిళనాడులోని చిదంబరంలో పుట్టిన వెంకీ రామకృష్ణన్ గారికి ఐఐటీలో గాని వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో గాని సీటు రాలేదు. ఆయన బరోడాలో భౌతిక శాస్త్రంలో డిగ్రీ చేసి, అమెరికాలో అందులోనే డాక్టరేటు పొంది, ఆ తరువాత మరల విద్యార్థిగా కూర్చుండి జీవశాస్త్రం నేర్చుకొన్నారు. మన కణాలలో ప్రోటీన్లను అల్లే రైబోజోము ఆకారాన్ని చూపినందుకు 2009లో నోబెల్ బహుమతి పొందినవారిలో ఆయన ఒకరు.

ఇంటికి, సంఘానికి ఒక మాట

తలాంతును భూమిలో పాతిపెట్టిన దాసుని గురించి మనం ఎన్నో ప్రసంగాలు విన్నాము. అతడు దానిని దొంగిలించలేదు, త్రాగి పాడుచేయలేదు. పోతుందేమోనని భయపడ్డాడు, అంతే. మన ఆడపిల్లల చదువు విషయంలో మనం చేసేది చాలాసార్లు అదే. భయం వలననే పాతిపెడుతున్నాము, ప్రేమ లేక కాదు.

సంఘ పెద్దలకు మా మనవి రెండు సంగతులు. ఒకటి, కోత పండుగ కానుకలలో కొంత భాగం ఎమ్మెస్సీ చదివే ఒక్క బిడ్డ హాస్టలు ఖర్చుకు కేటాయించండి. సంఘానికి ఒక్కరైనా చాలు. రెండవది, పెండ్లి ప్రకటనలు చదవక మునుపే, ముఖ్యంగా ఆదిలాబాద్ వైపు సంఘాలలో, వధూవరులిద్దరికీ సికిల్ సెల్ రక్తపరీక్ష చేయించండి. ఇద్దరికీ ఆ మార్పు ఒక్కొక్కటి ఉంటే, పుట్టే ప్రతి బిడ్డకూ వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. 2023 జూలైలో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమంలో మన తెలంగాణ కూడా ఉన్నది. 40 ఏండ్ల లోపువారికి పరీక్షలు చేయటం దాని ఉద్దేశం. మీ ఆశా కార్యకర్తను అడగండి. ప్రార్థన చేయండి, పరీక్షా చేయించండి. ఒకటి రెండవదానికి అడ్డు కాదు.

వేపచెట్టు క్రింద మమ్మల్ని అడిగిన ఆ తండ్రి ఇంకా తన నిర్ణయం చెప్పలేదు. దరఖాస్తుకు గడువు దగ్గరపడుతున్నది. ఆయన ఈ పత్రికను క్రమంగా చదువుతారని మాకు తెలుసు. అయ్యా, మీరు అడిగినది న్యాయమైన ప్రశ్న. ఈ చదువుతో ఏమి వస్తుందో మేము ఖాయంగా చెప్పలేము. పెరుట్జ్ కూడా 1937లో చెప్పలేకపోయేవాడు. మీరు పత్తి గింజ నాటిన నాడు కూడా వానకు హామీ లేదు. అయినా నాటుతారు. ఈ రెండేండ్లు మీ బిడ్డకు ఇవ్వండి. ఆమె స్నేహితురాలు ఏడ్చిన రాత్రులకు జవాబు వెదకటానికి ఒక మనసు సిద్ధంగా ఉన్నది. దానిని ఆపవద్దని మా మనవి.

మన పిల్లల చేతుల పనిని ప్రభువు స్థిరపరచును గాక. ఆమేన్.